వాయిదా పడ్డ పెళ్ళికి కొన్న టిక్కెట్లు

2005 ఫిబ్రవరిలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళి హైదరాబాద్‌లో. శుక్రవారం రాత్రి రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి రెండు బెర్తులు, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణానికి రెండు బెర్తులు ముందే రిజర్వ్ చేయించాం. పెద్దదానికి స్కూల్ వార్షికోత్సవంలో డాన్స్ ఉంది, రిహార్సల్స్ మానడానికి వీల్లేదన్నారు. అక్క లేకుండా చిన్నాడు ఎక్కడికీ కదలడు. అందుకని పిల్లల్ని అత్తయ్య దగ్గర ఉంచి మేమిద్దరం వెళ్ళొద్దామనుకున్నాం. బుధవారం ఫోను వచ్చింది. పెళ్ళికొడుకు తరఫు దగ్గరి బంధువు ఒకాయన పోయారట. మైల. ముహూర్తం మారుస్తున్నామన్నారు.

టిక్కెట్లు క్యాన్సిల్ చేయించడానికి మా ఆయన చెప్పులేసుకుంటుంటే, వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య తలెత్తకుండానే, "ఎందుకురా క్యాన్సిలూ? వెళ్ళి రండి" అంది.

"పెళ్ళే లేనప్పుడు ఎందుకమ్మా?"

"పెళ్ళి లేకపోతే అక్కడ ఊరు కూడా లేదా?"

ఆయన నా వైపు చూశారు. నేను ఏమీ అనలేదు. ఏమనాలో తెలియలేదు. పిల్లల్ని ఇంట్లో ఉంచి పెళ్ళికి వెళ్ళడం వేరు, ఏ పనీ లేకుండా మేమిద్దరమే ఊరు తిరగడానికి వెళ్ళడం వేరు. పక్కింటావిడ అడిగితే ఏం చెప్పాలి? రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే అత్తయ్య నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది. "మీ మావయ్యగారూ నేనూ ఇద్దరమే రైలెక్కింది ఒక్కసారేనమ్మా. విశాఖపట్నం ఆసుపత్రికి. అప్పటికే ఆయనకి మాట పడిపోయింది."

ఆ మాట తర్వాత టిక్కెట్ల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

శుక్రవారం రాత్రి స్టేషన్‌కి బయల్దేరుతుంటే పెద్దది టాటా చెప్పి లోపలికెళ్ళిపోయింది. చిన్నాడు మాత్రం గేటు పట్టుకుని రిక్షా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. వాడికి అప్పుడు ఆరేళ్ళు. ఆ చూపు నాతోపాటే రైలెక్కింది.

రాజమండ్రి దాటగానే వంతెన. గోదావరి మీదకి రాగానే రైలు చప్పుడు మారుతుంది కదా, ఆ చప్పుడు వినగానే అలవాటుగా పర్సు తీసి రూపాయి బిళ్ళలు ఏరాను. పిల్లలుంటే ఇద్దరికీ చెరొకటి ఇచ్చి, కిటికీలోంచి విసిరేటప్పుడు చెయ్యి బయట పెట్టకుండా పట్టుకుంటాను. ఆ రాత్రి చేతిలో మూడు బిళ్ళలున్నాయి. ఒకటి నేను విసిరాను. ఒకటి ఆయనకిస్తే, "నువ్వే వెయ్" అన్నారు. ఆయన మొహం నడవా వైపు తిప్పుకుని కూర్చున్నారు. పదకొండేళ్ళుగా ఆ వంతెన ఎన్నిసార్లు కలిసి దాటామో! ఆయన ఎప్పుడూ నది వైపు చూడరని ఆ రాత్రే మొదటిసారి గమనించాను. అంతకుముందు నేను ఎప్పుడూ పిల్లల చేతులే చూస్తుండేదాన్ని.

ఆ తర్వాత మాటలు లేవు. కరెంటు బిల్లు కట్టారా, చిన్నాడి దగ్గు మందు ఎక్కడుందో అత్తయ్యకి చెప్పావా, ఇలాంటివి నాలుగు అయ్యాక ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. నాకు కొంచెం భయం వేసింది. పెళ్ళైన కొత్తలో ఇదే మనిషితో రాత్రి రెండింటిదాకా మాట్లాడేదాన్ని. మాటలన్నీ ఎటుపోయాయి? తెల్లవారుజామున మెలకువ వచ్చి, చెయ్యి చాపి పక్కన చిన్నాడి కోసం తడిమాను. చల్లటి రెగ్జిన్ బెర్తు తగిలింది.

నాంపల్లిలో దిగి, స్టేషన్‌కి దగ్గర్లోనే చిన్న లాడ్జిలో గది తీసుకున్నాం. స్నానాలయ్యాక ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కట్లు. తొమ్మిదిన్నరకి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియానికి. అక్కడికి మూడేళ్ళ కిందట పిల్లలతో ఒకసారి వచ్చాం. ఆ రోజు నాకు గుర్తున్నది రెండే, నీళ్ళ సీసా, బాత్రూమ్ ఎటువైపు అన్నది. చిన్నాడు ఆయన భుజం మీద నిద్రపోతే, పెద్దది కాళ్ళు నొప్పని ఏడిస్తే, గంటలో బయటపడ్డాం. ఈసారి ముసుగు వేసుకున్న రెబెక్కా విగ్రహం ముందు ఎంతసేపు నిలబడ్డామో తెలీదు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది, 1876 నాటిది. పాలరాతిలో మొహం చెక్కడం ఒక ఎత్తు, ఆ మొహం మీద పల్చటి బట్ట ఉన్నట్టూ, బట్ట వెనక కళ్ళు ఉన్నట్టూ చెక్కడం ఇంకో ఎత్తు. ఆయన ఒక పక్కనుంచీ నేను ఇంకో పక్కనుంచీ చూస్తూ చుట్టూ తిరిగి ఎదురుపడ్డాం. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ రోజు మొదటి నవ్వు అదే.

ఇంత వస్తువు సేకరించిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పెళ్ళి చేసుకోలేదట. 1949లో పోయారు. పిల్లల్లేని మనిషి పోగుచేసినవన్నీ ఊరందరి పిల్లలూ చూసేవి అయ్యాయి. ఆ మాట ఆయనతో అంటే, "ఇలాంటివి నీకు తోస్తాయని నాకు తెలీదు" అన్నారు. ఏళ్ళ తర్వాత నా మాట పూర్తిగా విని ఇచ్చిన జవాబు అది.

పన్నెండు గంటలకి సంగీత గడియారం ముందు చేరాం. అందరూ దానికోసమే కూర్చుని ఉన్నారు. చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండుసార్లు కొట్టేది మధ్యాహ్నమే కాబట్టి జనం ఆ వేళకి వస్తారు. ముందు వరసల్లో పిల్లలు వేళ్ళతో లెక్కపెడుతున్నారు. వాళ్ళని చూడగానే నా గొంతు పట్టేసింది. "వచ్చే సెలవలకి తీసుకొద్దాం" అన్నారు ఆయన, నేనేమీ అనకుండానే.

మధ్యాహ్నం భోజనం మదీనా దగ్గర. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కంచంలో అన్నం కలుపుతూ, తెలియకుండానే చిన్న చిన్న ముద్దలు చేసి అంచున పెట్టాను. చిన్నాడికి అలా పెడితేనే తింటాడు. నాలుగు ముద్దలు వరసగా పెట్టాక గానీ చూసుకోలేదు. చేతులు ఆగిపోయాయి. ఆయన చూసి, ఏమీ అనకుండా ఒక్కొక్క ముద్దా తీసుకుని తినేశారు.

అక్కణ్ణుంచి చార్మినార్‌కి నడిచి వెళ్ళాలి అసలైతే. ఆయన మాత్రం వెనక్కి, నయాపూల్ వైపు నడిచారు. "ఒక చెట్టు చూడాలి, వస్తావా?" అన్నారు. హైదరాబాద్ వచ్చి చెట్టు చూడ్డం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఎండలో వంతెన దాటాం. కింద మూసీ సన్నటి కాలవలా ఉంది. అవతల ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరు మీద పడినప్పుడు ఈ చెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఆయన చెప్పారు. ఊళ్ళో వేలమంది కొట్టుకుపోయారు. మళ్ళీ అలా జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సలహా మీద నది ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. మనం గండిపేట అనే చెరువు ఆ ఉస్మాన్‌సాగరే. సన్నటి ఆ నీళ్ళని చూస్తే అంత వరద వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు.

చెట్టు కింద గట్టు మీద కూర్చున్నాం. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు టిఫిన్ క్యారియర్లు విప్పుకుని తింటున్నారు. ఆయన కాండం వైపు చూస్తూ, "మాకు చెట్టు లేదు. బడి శ్లాబు ఉంది" అన్నారు.

1986 ఆగస్టు గోదావరి వరద సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఏడాది. వాళ్ళది కోనసీమలో ఒక లంక ఊరు. ఆ వరదలో ఇల్లు పోతే రాజమండ్రి వచ్చేశారు. నాకు తెలిసింది ఈ ఒక్క వాక్యమే. పెళ్ళిచూపుల్లో మావయ్యగారు చెప్పింది, తర్వాత నేను మా వాళ్ళకి చెప్పింది, పిల్లలకి చెప్పింది. ఆ మధ్యాహ్నం మిగతాదంతా విన్నాను. రాత్రి గట్టు తెగిందని ఎవరో కేకలేసుకుంటూ పరిగెత్తడం. మోకాళ్ళ నీళ్ళు, నడుం నీళ్ళు, గొంతు దగ్గర నీళ్ళు. దూడని విప్పి వదిలేస్తే అది నీళ్ళలో తిరిగి వీళ్ళ వెనకే రావడం. బడి శ్లాబు మీద రెండు రాత్రులు. కింద నీళ్ళలో ఒక ఊరి సామానంతా వెళ్ళిపోతుంటే పేర్లు పెట్టి గుర్తుపట్టడం, అది ఫలానావాళ్ళ మంచం, ఇది ఫలానావాళ్ళ పెట్టె అని. ఆయనకప్పుడు పదహారేళ్ళు.

"నా పుస్తకాల ట్రంకు పెట్టె ఒకటుండేది. శ్లాబు దాకా మోసుకొచ్చాను. ఎక్కిస్తుంటే చెయ్యి జారింది" అన్నారు.

"ఏం పుస్తకాలు?"

"అన్నీను. ఒక అట్లాస్ ఉండేది. ఎనిమిదో క్లాసులో హెడ్‌మాస్టారు బహుమతిగా ఇచ్చారు. నీలం అట్ట. రాత్రిళ్ళు దీపం ముందు పెట్టుకుని దేశాల రాజధానులు బట్టీపట్టేవాణ్ణి."

పదకొండేళ్ళు. ఒక్కసారి కూడా ఈ మాట నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను. కాసేపు ఆలోచించి, "మొదలుపెట్టినప్పుడల్లా ఎవరో ఒకళ్ళు ఏడ్చేవాళ్ళు" అన్నారు. అది నిజమే. ఆయన ఏదో చెప్పబోవడం, లోపల పిల్లో పిల్లాడో కేక పెట్టడం, నేను "ఒక్క నిమిషం" అని లేవడం. ఆ ఒక్క నిమిషం తర్వాత తిరిగొచ్చి 'ఏదో అంటున్నారే' అని నేను అడిగిన రోజులు లేవు. నిన్న రాత్రి రైల్లో మా దగ్గర మాటల్లేవనుకున్నాను. మాటలన్నీ సగం సగం అలా ఆగిపోయి ఉన్నాయన్నమాట.

సాయంత్రం చార్మినార్, లాడ్‌బజార్. అత్తయ్యకి, పెద్దదానికి గాజులు కొన్నాను. జనం తోసుకుంటుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, జనం పల్చబడ్డాక కూడా వదల్లేదు. అంతే, చార్మినార్ గురించి ఇంతకంటే చెప్పడానికి నాకేమీ గుర్తులేదు.

చీకటి పడ్డాక ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోను చేశాను. చిన్నాడు ఎత్తాడు. "అమ్మా, మామ్మ కథ చెప్తోంది. రాక్షసుడు ఇప్పుడే నిద్రలేచాడు. తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాడు. రిసీవర్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. కన్నీళ్ళు వచ్చాయి. వాడు బాగున్నాడన్న సంతోషానికో, నేను లేకపోయినా బాగున్నాడన్న బాధకో ఈ రోజుకీ చెప్పలేను. ఆయన, "మళ్ళీ చెయ్యి" అన్నారు. వద్దన్నాను. కథ మధ్యలో ఆపకూడదు కదా.

ఆదివారం పొద్దున్నే గదికి తాళం వేసి, సిటీ బస్సులో గోల్కొండ. ప్రవేశద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీద బాలాహిసార్‌లో వినబడతాయంటారు. శత్రువు వస్తే పైకి కబురు తెలియడానికి చేసిన ఏర్పాటు. ఇంత పకడ్బందీ కోటని 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టి, చివరికి లోపలివాళ్ళు తలుపు తీస్తేనే పట్టుకోగలిగింది.

ఆయన అన్నారు, "నువ్వు పైకెళ్ళు. నేను కింద నుంచి కొడతాను. నీకు వినిపిస్తుందో లేదో చూద్దాం. తర్వాత పైకొస్తా." అరగంట తర్వాత కొడతానని వాచీలు చూసుకున్నాం. ఒక్కదాన్నే మెట్లెక్కాను. దారిలో రామదాసు బందిఖానా దగ్గర ఆగాను. మా గోదావరి ఒడ్డున రాముడికి గుడి కట్టి, ఇక్కడ ఇంత చీకటిలో ఏళ్ళు గడిపాడాయన. గోడ మీద చెక్కిన బొమ్మలకి దణ్ణం పెట్టుకుని పైకెళ్ళాను. చాలా ఏళ్ళ తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవరినీ ఎత్తుకోకుండా మెట్లెక్కడం. నా నడక వేగం ఏమిటో నాకే మర్చిపోయినట్టయింది.

పైన గాలి హోరు. కింద నుంచి చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతివాళ్ళూ కొడుతున్నారు మరి! అందులో ఆయనవి ఏవో ఎలా తెలుస్తుంది? టైమ్ అయింది. చెవులు రిక్కించి నిలబడ్డాను. ఏవేవో చప్పట్లు. ఎవరో పిల్లల కేరింతలు. అప్పుడు వినిపించింది. రెండు చప్పట్లు, కొంచెం ఆగి ఒకటి. మళ్ళీ రెండు, ఆగి ఒకటి. సాయంత్రాలు వీధిలో ఆడుకునే పిల్లల్ని ఇంట్లోకి పిలవడానికి ఆయన మా గుమ్మంలో నిలబడి కొట్టే చప్పట్లు అవి. నేను కూడా గట్టిగా తిరిగి కొట్టాను. కిందకి వినిపించదని తెలుసు. అయినా కొట్టాను. ఆయన మెట్లెక్కి వచ్చేదాకా పిట్టగోడ దగ్గర నిలబడి, జనంలో ఆ తెల్ల చొక్కా ఎక్కడుందో వెతుక్కుంటూ, కనబడినప్పుడల్లా పోల్చుకుంటూ గడిపాను.

మధ్యాహ్నం ఆబిడ్స్. ఆదివారం కొట్లు మూసేస్తారు కాబట్టి ఆ ఫుట్‌పాత్‌లన్నీ పాత పుస్తకాలే. గోనెలు పరిచి గుట్టలుగా పోసి ఉంటాయి. వైద్యం పుస్తకాల పక్కన పాత వారపత్రికలు, వాటి పక్కన ఇంజనీరింగ్ గైడ్లు. నేను కుట్ల డిజైన్ల పుస్తకాలు చూస్తుంటే, ఆయన ఒక గుట్ట ముందు గొంతుక్కూర్చుని కదలడం లేదు. దగ్గరకెళ్ళి చూశాను. నీలం అట్ట. మూలలు నలిగిపోయాయి. లోపల మొదటి పేజీలో ఎవరో పిల్లాడి పేరు, ఏడో తరగతి, 1983 అని గుండ్రటి అక్షరాలు. ఆయన పేజీలు తిప్పి ఒకచోట ఆపారు. ఆసియా, ఐరోపా రెంటి మీదా పరుచుకుని సోవియట్ యూనియన్. ఇంకో పేజీలో రెండు జర్మనీలు. "ఇదే. ఇదే పుస్తకం. ఈ దేశాలిప్పుడు లేవు" అన్నారు.

ఆయన బేరం ఆడతారేమోనని చూశాను. కూరగాయల దగ్గర అర్ధరూపాయికి కూడా ఆడే మనిషి. అబ్బాయి నలభై రూపాయలన్నాడు. యాభై ఇచ్చి, చిల్లర మర్చిపోయి నడుస్తుంటే, నేనే పది తీసుకున్నాను.

తిరుగు రైల్లో నిద్రపోలేదు. పెద్దదాన్ని పై చదువులకి ఎక్కడికి పంపాలి, నేను బి.ఎడ్. ఎందుకు మానేశాను, మళ్ళీ కట్టొచ్చా, ఇల్లు అమ్మాలా వద్దా, ఇలా ఎన్నో. కొన్నిటి మీద పోట్లాడుకున్నాం కూడా. ఎదురు బెర్తు ఆయన లైటు తీసెయ్యమన్నాక చీకట్లో గుసగుసలాడాం. అర్ధరాత్రి దాటాక ఎప్పుడో చప్పుడు మారింది. వంతెన. నా పర్సులో శుక్రవారం మిగిలిన రూపాయి బిళ్ళ ఉంది. ఆయన చెయ్యి చాపారు. కిటికీ తలుపు ఎత్తి, నది వైపు చూస్తూ కాసేపు బిళ్ళ వేళ్ళ మధ్య పట్టుకుని, వదిలారు.

ఇంటికొచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంది. పిల్లలు నిద్రలో ఉన్నారు. చిన్నాడి నుదురు ముట్టుకుని చూసి, వంటింట్లోకొచ్చాను. అత్తయ్య అప్పటికే లేచి కాఫీ పెడుతోంది. గాజులిచ్చాను, చూసి పక్కన పెట్టింది. బల్ల మీద ఆయన పెట్టిన అట్లాస్ కనబడింది ఆవిడకి. చదువు రాదు ఆవిడకి, కానీ పుస్తకాన్ని గుర్తుపట్టింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని, అట్ట మీద వేళ్ళు ఆనించింది.

"ఇది ఆ పెట్టెలోదేనా?"

"అలాంటిదే అత్తయ్యా. ఆబిడ్స్‌లో దొరికింది. శ్లాబు ఎక్కిస్తుంటే చెయ్యి జారిందని చెప్పారు."

స్టవ్ మీద పాలు పొంగుతుంటే తగ్గించడానికి నేను అటు తిరిగాను. ఆవిడ గొంతు వెనకనుంచి వినిపించింది.

"జారలేదమ్మా. పెట్టె వదిలేసి బియ్యం మూట అందుకోరా అని నేనే అరిచాను."